చల్లగా ఉన్న ఇంజన్ కోసం కాసిమేడు దాకా

గూడూరులో రైలెక్కేటప్పటికి ఇంకా తెల్లవారలేదు. మా మేనమామ చేతిలో గోనెసంచి ఉంది. అందులో రెండు స్పానర్లు, ఒక పెద్ద స్క్రూడ్రైవరు, చిరిగిన పంచె, ఖాళీ దగ్గుమందు సీసా. సీసా ఎందుకు మామా అంటే, "గేర్ ఆయిల్ పట్టి చూడొద్దా?" అన్నాడు. నా చేతిలో ఫోను మాత్రమే ఉంది. ఈ ప్రయాణంలో నా పని కూడా అదే, ఫోను పట్టుకుని నిలబడటం.

మామది వాకాడు మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. పదిహేనో ఏట మొదలుపెట్టిన వేట ఇంకా మానలేదు. మొన్న కార్తీకంలో పట్టిన ముసురులో, ఒడ్డుకు లాగుతున్న ఫైబర్ బోటు అల తగిలి తిరగబడింది. వెనక బిగించిన ఇంజన్ రాత్రంతా ఉప్పునీటిలో, ఇసుకలో కూరుకుపోయింది. తీసి, మంచినీళ్లతో కడిగి, విప్పి నెల రోజులు కుస్తీ పట్టాడు. కదల్లేదు. అమెరికాలో ఉన్న కొడుకు కొత్తది కొనిస్తానన్నాడు. "కొత్తది కొంటే దానికి కాపలాగా నేను రోజూ ఒడ్డునే పడుకోవాలి, వద్దు" అని మామ తేల్చేశాడు. సంక్రాంతి వెళ్లాక చెన్నై పోయి పాతది చూసుకోవాలని, నేను తోడు వెళ్లాలని నిర్ణయమైంది. నేను బ్యాంకు గుమస్తాను. ఇంజన్ గురించి నాకు తెలిసిందల్లా అది చప్పుడు చేస్తుందని.

అయినా నన్ను పంపడానికి కారణం ఉంది. మామ కొడుకు, అంటే నా బావమరిది, మిన్నెసోటాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. చేపల పిచ్చి మాత్రం రక్తంలో ఉంది కదా, అక్కడా వదల్లేదు. చలికాలంలో అక్కడి సరస్సులు గడ్డకడతాయి. జనం వాటి మీదికి వెళ్లి, వడ్రంగి బర్మాలాంటి పెద్ద మరతో మంచుకు బొక్క వేసి, గాలం వదిలి, చిన్న గుడారంలో పొయ్యి పెట్టుకుని కూర్చుంటారు. మంచు నాలుగంగుళాలుంటే మనిషి నడవవచ్చునని, స్నోమొబైల్ అనే మంచుబండి ఎక్కించాలంటే 5 నుంచి 7 అంగుళాలు కావాలని అక్కడి ప్రకృతి వనరుల శాఖ చెబుతుంది. స్నోమొబైల్‌కు ముందు రెండు స్కీలు, వెనక పొక్లెయిన్ గొలుసులాంటి రబ్బరు పట్టా ఉంటాయి. సామానంతా చక్రాల్లేని బల్లబండి మీద వేసి, దాని వెనక కట్టి లాక్కుపోతారు.

మావాడు పోయిన ఏడాది వేసవిలో, ఎవరూ కొనని కాలంలో చవకగా వస్తుందని, పాత స్నోమొబైల్ ఒకటి కొన్నాడు. చలికాలం వచ్చాక గానీ దాని సంగతి తెలియలేదు. అది దౌడు తీసే రకం. ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం బండి కింది భాగంలో తిరుగుతుంది, పట్టా ఎగజిమ్మే మంచు పొడి తగిలి అది చల్లారాలి. బాటల మీద పొడి మంచు ఉన్నంతసేపు బండి బాగానే పోయిందట. గాలికి పొడి అంతా ఎగిరిపోయి అద్దంలా తేలిన సరస్సు మీదికి రాగానే ఎర్రదీపం వెలిగింది. పట్టా కింద ఉండే ప్లాస్టిక్ పట్టీలకూ ఆ పొడే తడి ఇవ్వాలి, అది లేక అవి కమిలి వాసన కొట్టాయి. మంచును గీకి పొడి లేపే స్టీలు కడ్డీలు బిగించుకోవచ్చని, అసలు చేపల కోసమైతే ఫ్యాను గాలితో చల్లబడే ఇంజన్, పొడవైన వెడల్పాటి పట్టా ఉన్న నిదానపు బండి చూసుకోవాలని వాడికి ఆ తర్వాత ఎవరో చెప్పారు. నష్టానికి అమ్మేసి ఈ ఏడాది అలాంటిదే కొన్నాడు. ఆ దెబ్బతో పాత ఇంజన్ల మీద పండితుడైపోయాడు. తండ్రి ఇంజన్ కొనేటప్పుడు తనకు వీడియో కాల్ చేసి తీరాలని నా దగ్గర మాట తీసుకున్నాడు.

తడ దగ్గర పులికాట్ వైపు నుంచి తెల్లవారుతుండగా ఈ కథంతా మామకు మరోసారి చెప్పాను.

"మంచు మీద పోతూ వేడెక్కిందా!" అని పక్కవాళ్లు తిరిగి చూసేలా నవ్వాడు. కాసేపయ్యాక తనే మళ్లీ అన్నాడు. "మనది మాత్రం? చుట్టూ సముద్రమే. నీళ్లు తోడే పంపులో రబ్బరు చక్రం అరిగిందంటే ఆ నీళ్ల మధ్యే మాడిపోతుంది."

సెంట్రల్‌లో దిగి ముందు మౌంట్ రోడ్డు పక్కనున్న జనరల్ ప్యాటర్స్ రోడ్డుకు వెళ్లాం. ఆటో విడిభాగాల అంగళ్లకు అది పెట్టింది పేరు. అక్కడ కంప్రెషన్ గేజి కొనాలన్నది బావమరిది ఆజ్ఞ. ప్లగ్గు విప్పిన రంధ్రంలో దాన్ని బిగించి తాడు లాగితే సిలిండర్‌లో ఒత్తిడి ఎంత పుడుతుందో ముల్లు చూపిస్తుంది. తొమ్మిది వందల రూపాయలు. మామ దాన్ని అటూ ఇటూ తిప్పి, డాక్టరు దగ్గర బీపీ చూసే దానిలా ఉందని, సంచిలో స్పానర్ల కింద పడేశాడు.

అక్కడినుంచి ఆటోలో ఉత్తరానికి. రాయపురం స్టేషన్ దాటుతుంటే ఆటో డ్రైవరు చెయ్యి చూపించి తమిళంలో ఏదో చెప్పాడు. దక్షిణాదిన మొదటి ప్రయాణికుల రైలు 1856లో బయల్దేరింది ఆ స్టేషన్ నుంచే. చూడాలని ఉన్నా మామ ఆగనివ్వలేదు. ఎండెక్కితే ఇంజన్లన్నీ వేడిగానే తగులుతాయని ఆయన తొందర. అప్పటికి ఆ మాట నాకు అర్థం కాలేదు.

కాసిమేడు చేపల హార్బరులో తెల్లవారుజాము వేలం ముగిసి చాలాసేపయింది. గట్టు మీద మిగిలిన వంజరాలు, కానాగంతల బుట్టల దగ్గర ఆడవాళ్లు బేరాలాడుతున్నారు. మనిషంత ఐసు దిమ్మలను మరలోకి తోస్తుంటే బరబరమని నలిగి తెల్లటి తురుము పడుతోంది. దాన్ని వీడియో తీసి బావమరిదికి పంపాను. వెంటనే ఫోను మోగింది. అక్కడ అర్ధరాత్రి. వాడు నిజంగానే సరస్సు మీద, గుడారంలో ఉన్నాడు. తలకు ఉన్ని టోపీ, వెనక ఎర్రగా పొయ్యి వెలుగు, కాళ్ల దగ్గర బిందె మూతంత నల్లటి బొక్క. "మా దగ్గర దీన్ని డబ్బిచ్చి కొనరు బావా, మీద కూర్చుంటారు" అన్నాడు తురుము గురించి.

మొదటి వ్యాపారి తెలుగువాడే, తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న కుటుంబం. మా నెల్లూరు తెలుగు వినగానే టీ తెప్పించాడు. రెండు సిలిండర్ల, 9.9 హార్స్‌పవర్ కిరోసిన్ ఇంజన్ ఒకటి స్టాండుకు బిగించి ఉంది. కొత్త పెళ్లికొడుకులా నీలి రంగు మెరుస్తోంది. డెబ్బై వేలు చెప్పాడు. నేను మురిసిపోయి ఫోనులో నాలుగు వైపులా చూపించాను. మామ ఏమీ మాట్లాడలేదు. పై మూత తీయించి, అరచేతిని సిలిండర్ల మీద ఆనించి, జ్వరం చూసినట్టు కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత చెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

"గేజి పెట్టండి నాన్నా" అని ఫోనులోంచి కేక.

ప్లగ్గులు రెండూ విప్పి, గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగా తెరిచి, ముల్లు ఆగేదాకా తాడు లాగారు. ఒకదాంట్లో 120, రెండోదాంట్లో 118. తేడా పదో వంతు దాటకపోతే చాలు, ఇది బంగారం అని బావమరిది గుడారంలోనే గంతులేసినంత పని చేశాడు. మామ గోనెసంచిలోంచి సీసా తీశాడు. కింద ప్రొపెల్లర్ దగ్గరున్న గేరు భాగానికి కిందొక స్క్రూ, పైనొక స్క్రూ ఉంటాయి. కిందిది విప్పి సీసా పట్టాడు. నూనె రావాల్సిన చోట పాలెక్కువైన టీ వచ్చింది. సీలు పోయి సముద్రపు నీళ్లు లోపలికి దిగి, నూనెతో చిలికితే వచ్చే రంగు అది.

"ఇప్పుడే మార్చిన ఆయిల్ అన్నా, అందుకే అలా ఉంది" అన్నాడు వ్యాపారి.

"ఇప్పుడే మార్చిన ఆయిల్‌లోకి ఇప్పుడే నీళ్లొస్తే అది ఇంకా పెద్ద జబ్బు కదయ్యా" అని మామ స్క్రూ బిగించి, టీ గ్లాసు ఖాళీ చేసి, నమస్కారం పెట్టి బయటికొచ్చాడు. మర్యాదలో లోటు చేయలేదు.

ఆ తర్వాత ఎండలో ఇంకో మూడు చోట్ల తిరిగాం. ఒకచోట ఇంజన్ నంబరు రేకు పీకేసి ఉంది, మామ ఆగనైనా లేదు. ఇంకోచోట షాఫ్టు పొట్టిది, మా బోటు వెనక పలకకు చాలదు. మూడోది గుర్తు లేదు, ఆకలి మీదున్నాను.

భోజనం చేశాక వలలు అల్లుకునే సందులో ఒక మెకానిక్ షెడ్డు దొరికింది. అందులో మూలన ఇంజన్ ఒకటి. దానికి కొత్త రంగు లేదు. మూత మీద గీతలు, బిగింపు మరల చుట్టూ ఉప్పు పొక్కులు, ప్రొపెల్లర్ రెక్క ఒకటి అంచున చిట్లి ఉంది. దాని యజమాని, మోకాళ్లు అరిగి వేట మానేసిన ముసలాయన, పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మామ మళ్లీ అరచెయ్యి పెట్టాడు. ఈసారి వెనక్కి తీసుకోవడానికి తొందరపడలేదు.

"చల్లగా ఉంది" అన్నాడు నాతో.

సీసాలో పట్టిన నూనె నల్లగా ఉన్నా చిక్కగా, నీటిచుక్క లేకుండా ఉంది. వేళ్ల మధ్య రుద్దితే ఇనుప రజను తగల్లేదు. ప్లగ్గు కొనలు బెల్లం రంగులో ఉన్నాయి. గేజి మాత్రం 105, 100 చూపించింది. "ముందుదే మేలు కదా నాన్నా, అంకెలు చూడండి" అన్నాడు బావమరిది నిద్రమత్తుతో. మామ ఫోను వైపు కూడా చూడలేదు. మెకానిక్‌తో డ్రమ్ములో నీళ్లు నింపించి, ఇంజన్‌ను దాని అంచుకు బిగించాడు.

పెట్రోలు మీద రెండో లాగుకే అందుకుంది. షెడ్డంతా తెల్లటి పొగ. అయితే ఇంజన్ వెనక చిన్న రంధ్రంలోంచి రావాల్సిన నీటి ధార రాలేదు. చల్లబరిచే నీళ్లు లోపల తిరుగుతున్నాయనడానికి ఆ ధారే సాక్ష్యం. మామ చటుక్కున ఆపేశాడు. నా గుండె జారింది. ఆయన మాత్రం చెత్తలోంచి సన్నటి తీగ ముక్క ఏరి, ఆ రంధ్రంలో పొడిచి తిప్పాడు. ఉప్పు, ఇసుక గడ్డకట్టిన ముద్ద శనగగింజంత ఊడిపడింది. మళ్లీ లాగాడు. ముందు తుప్పు నీళ్లు ఉమ్మింది, తర్వాత పెన్సిలంత లావున ధార ఎగిరి నా చెప్పుల మీద పడింది. కిరోసిన్‌కు మార్చి, పావుగంట నడవనిచ్చి, ధార కింద వేలు పెట్టి చూశాడు. నన్నూ పెట్టమన్నాడు. పసిపిల్లల స్నానం నీళ్లలా గోరువెచ్చగా ఉంది.

ముసలాయన అరవై రెండు వేలు అడిగాడు. బేరం చాలాసేపు సాగింది. అందులో ఇంజన్ గురించి నాలుగు మాటలుంటే, మిగతాదంతా ఏ నెలలో ఏ చేప ఎక్కడ తగ్గిపోయిందన్న గొడవే, సగం తమిళం, సగం తెలుగు. యాభై అయిదు దగ్గర తెగింది. పాత బిల్లు, రేకు మీది నంబరు రెండూ సరిపోయాయో లేదో చూసే బాధ్యత నాకు అప్పగించారు. ఆ రోజు నేను చేసిన ఏకైక గుమస్తా పని అది. డబ్బు లెక్కపెట్టుకున్నాక ముసలాయన అందులోంచి నూటొక్క రూపాయి తీసి మామ చేతిలో పెట్టాడు. నీటి పంపుకు కొత్త రబ్బరు చక్రం మెకానిక్ దగ్గరే కొన్నాం.

వాకాడు పక్కనున్న కోట ఊరి వైపు నుంచి రొయ్యలు తెచ్చి ఖాళీ ట్రేలతో తిరిగి వెళ్లే వ్యాను మామకు ముందే తెలుసు. ఇంజన్‌ను చిరిగిన వలల మీద పడుకోబెట్టాం. తల భాగం ఎత్తులో, ప్రొపెల్లర్ పల్లంలో ఉండేలా మామ రెండుసార్లు సర్దించాడు. లేకపోతే లోపల మిగిలిన నీళ్లు వెనక్కి నడిచి సిలిండర్లలోకి చేరతాయట.

సాయంత్రం బీచ్ స్టేషన్ ఎదురుగా, బర్మా బజారు దగ్గర అత్తో తిన్నాం. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు తెచ్చిన తిండి అది. నూడుల్స్‌లో క్యాబేజీ, వేయించిన ఉల్లిపాయ, చింతపండు పులుసు వేసి చేత్తో కలిపి ఇస్తారు, పక్కన అరటిదూట సూపు. మామ రెండు ప్లేట్లు తిని, "సేమ్యా పులిహోర" అని పేరు పెట్టాడు.

రైల్లో కూర్చోగానే ఫోను మోగింది. అక్కడ తెల్లవారింది. వాడు గుడారం మడిచి స్నోమొబైల్‌కు కట్టుకుంటున్నాడు. ధార వీడియో చూశానని, అయినా ఆ 120 ఇంజన్ ఎందుకు వదిలేశారో అర్థం కాలేదని అన్నాడు.

మామ ఫోను తీసుకున్నాడు. "మనం వస్తున్నామని తెలిసి ముందే నడిపి పెట్టాడురా. చల్లటి ఇంజన్ మొరాయిస్తుంది, వేడిది ఒక్క లాగుకే అందుకుంటుంది. నీ గేజి కూడా వేడిలో నాలుగు అంకెలు ఎక్కువే చూపిస్తుంది. అది సరే, నువ్వు మొదటి బండి కొన్నరోజు, నువ్వు వెళ్లేసరికి అది ఎలా ఉంది?"

అవతల కాసేపు గాలి చప్పుడే వినిపించింది.

"ఇంటి ముందు స్టార్ట్ చేసి ఉంచాడు నాన్నా" అన్నాడు చివరికి. "నాకు శ్రమ లేకుండా చేశాడనుకుని థ్యాంక్స్ కూడా చెప్పాను."