ఇరవై, పన్నెండు, ఏడు

మేస్టారు పోయారని ఫోన్ వచ్చిన రోజు నాకు సెలవు దొరకలేదు. పదో రోజుకి వెళ్ళాను. పాతపట్నంలో బస్సు దిగి నీలమణి దుర్గమ్మ గుడి దాటుతుంటే చింతగింజలు గుర్తొచ్చాయి. ఆయన్ని తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేవి అవే.

1988లో నేను ఆరో తరగతి. ఆయన మా లెక్కల మేస్టారు. ఒకరోజు స్థానవిలువలు చెప్పడానికి తలా 39 చింతగింజలు పంచి, పదేసి చొప్పున కుప్పలు పెట్టమన్నారు. అందరం మూడు కుప్పలు పెట్టి తొమ్మిది విడిగా ఉంచాం. నా బెంచీలోనే కూర్చునే సవర తెగ కుర్రాడు, హాస్టల్లో ఉండేవాడు, ఒక పెద్ద కుప్ప, దాని పక్కన ఒక చిన్న కుప్ప, చివర ఏడు గింజలు పెట్టాడు.

"పదులు పెట్టమంటే ఇదేటిరా?" అని మేస్టారు వాడి అరచేతి మీద బెత్తంతో రెండు వేశారు.

వాడు ఏడవలేదు. చెయ్యి నిక్కరుకి రాసుకుని, "ఇందులో ఇరవై ఉన్నాయండి. ఇందులో పన్నెండు. మా ఇంటికాడ ఇలగే లెక్కెడతారండి" అన్నాడు.

మేస్టారు గింజలు లెక్కపెట్టారు. తప్పు లేదు.

"పదమూడుని ఏటంటార్రా?"

"పన్నెండూ ఒకటీ అంటామండి."

"పంతొమ్మిది?"

"పన్నెండూ ఏడు."

ఇరవై వచ్చేసరికి మళ్ళీ కొత్త మాట. అక్కడి నుంచి ఇరవైకి పన్నెండు కలిపితే ముప్పై రెండు, దానికి ఏడు కలిపితే ముప్పై తొమ్మిది. పన్నెండుకి వాళ్ళ మాట 'మిగ్గెల్'. మేస్టారు అది బోర్డు మీద రాసి పైకి చదివారు. వాడు తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ చదివారు. మళ్ళీ ఊపాడు. గంట కొట్టినా ఒక్కడూ కదల్లేదు. మేస్టారిని ఒకడు దిద్దడం మేమెప్పుడు చూశాం గనక!

మర్నాడు క్లాసులోకి వస్తూనే, "నిన్న వీడి లెక్క కరెక్టు, నేను కొట్టడం తప్పు" అని అందరి ముందూ అన్నారు. అలాగని బెత్తం మానేశారనుకునేరు. ఆ వారంలోనే ఎక్కాలు రానందుకు నా చెయ్యి వాచింది.

సాయంత్రాలు హాస్టలు అరుగు మీద వీళ్ళిద్దరి బడి మొదలైంది. వాడికి ఈయన లెక్కలు చెప్పేవారు, ఈయనకి వాడు మాటలు చెప్పేవాడు. ఫీజు కింద రోజూ జేబులో బెల్లం జీళ్ళు తెచ్చేవారు. వాటి కోసం నేనూ పోయి కూర్చునేవాణ్ణి గానీ నాకు పట్టుమని పది మాటలు కూడా రాలేదు.

తర్వాత ఎవరు చెప్పారో, మహేంద్రతనయ నదికి అవతల, ఒడిశా వైపు పర్లాకిమిడిలో ఈ పని అంతకు చాలా ఏళ్ళ ముందే ఇంకో మేస్టారు చేశారని ఆయనకి తెలిసింది. గిడుగు రామమూర్తి పంతులుగారు. వాడుక భాష గొడవలో ఆయన పేరు మాకందరికీ తెలుసు. 1863లో మన జిల్లా పర్వతాలపేటలో పుట్టారనీ తెలుసు. చరిత్ర పాఠాలు చెప్పుకుంటూనే, సవరలని ఇంట్లో పెట్టుకుని వాళ్ళ భాష నేర్చారనీ, 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయిందనీ మేస్టారు చెబితేనే విన్నాం. మన్యంలో తిరిగి మలేరియా తెచ్చుకుని, దానికి క్వినైన్ మింగి మింగి చెవులు పోగొట్టుకున్నారట. "వినపడని మనిషి అంత పని చేశారు. నాకు చెవులు రెండూ బాగానే ఉన్నాయి, ఆ గొంతులో ఠక్కున ఆగే శబ్దం మాత్రం పలకదురా" అని మేస్టారు విసుక్కునేవారు.

సవర తెలుగుకి చుట్టం కాదనీ, ముండారి, సంతాలీ భాషల కుటుంబమనీ ఆయన యాభై దాటాక తెలుసుకున్నారు. తెలిసిన రోజు నన్ను బజార్లో ఆపి, ఎండలో పావుగంట నిలబెట్టి చెప్పారు. 2003లో రిటైరయ్యారు. పర్లాకిమిడి బోర్డులు చూసి కూడబలుక్కుంటూ ఒడియా అక్షరాలు పట్టుకున్నారు. హార్మోనియం కొన్నారు గానీ అది అచ్చిరాలేదు, ఇంట్లోవాళ్ళే అటకెక్కించారు. డెబ్బై దాటాక ఫోన్లో తెలుగు కొట్టడం నేర్చారు. ఆ మెసేజ్‌లలో మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉండేది కాదు. ఒక్కోటి చదవడానికి నాకు రెండు స్టేషన్లు పట్టేది.

పదో రోజు భోజనాల దగ్గర వాడు కనిపించాడు. ఇప్పుడు వాడూ మేస్టారే, సీతంపేట వైపు. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం, బెంచీలో లాగే.

"మేస్టారికి సవర బాగా వచ్చేసిందేమో కదరా?" అన్నాను.

"ఎక్కడ! ముప్పై ఆరేళ్ళు నేర్చుకున్నారు. మా ఊరొచ్చి మాట్లాడితే మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది. అయినా ప్రతి ఆదివారం ఫోన్ చేసేవారు. కిందటి నెల్లో తన వయసు సవరలో ఎలా చెప్పాలని అడిగారు."

"ఎంతనీ?"

"డెబ్బై తొమ్మిది. మూడు ఇరవైలు, పన్నెండు, ఏడు. పదిసార్లు చెప్పించాను. 'పండక్కి ఎనభై వచ్చేస్తాయిరా, నాలుగు ఇరవైలు అంటే చాలు, నాకీ బాధ తప్పుద్ది' అన్నారు."

ఆకులో పప్పు వడ్డించి వెళ్ళారు. వాడు చెయ్యి పెట్టకుండా ఆ డెబ్బై తొమ్మిదిని మేస్టారు ఎలా పలికేవారో అలాగే పలికి చూపించాడు, గొంతులో ఆగాల్సిన చోట ఆగకుండా.