బాగున్న రోజే అసలు జాగ్రత్త

ఫైబ్రోమయాల్జియా (ఒళ్ళంతా నెలల తరబడి నొప్పి, అలసట ఉండే జబ్బు) ఉన్నవాళ్ళకి, నొప్పి బాగా ఎక్కువైన రోజు ఏం చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు. లేవలేం కాబట్టి పడుకుంటాం. ఒళ్ళు కాస్త తేలిగ్గా ఉన్న రోజుతోనే అసలు చిక్కు. పేరుకుపోయిన పనులన్నీ ఆ రోజే కళ్ళకి కనిపిస్తాయి. ఓపిక ఉంది కదా అని బీరువా సర్దడం, దుప్పట్లు ఉతకడం, ఆఫీసు పని అన్నీ ఒకేసారి నెత్తిన వేసుకుంటే, మర్నాటి నుంచి వడ్డీతో సహా కట్టాల్సి వస్తుంది. పైగా చేస్తున్నంతసేపూ బాగానే ఉంటుంది. నొప్పి తర్వాత తీరిగ్గా వస్తుంది.

అందుకే నేను నొప్పి వచ్చేదాకా ఎదురుచూడను, గడియారం చూసి పని ఆపేస్తాను. డాక్టర్లు దీన్నే పేసింగ్ అంటారు. ఉతికిన బట్టలు మడతపెట్టాలంటే ముందు మంచం మీద కూర్చుని, వీపు వెనక దిండు పెట్టుకుంటాను. ఒళ్ళో ఇంకో దిండు. దాని మీద బట్ట పరిస్తే చేతులు పైకెత్తి దులపక్కర్లేదు, భుజాలు పట్టేయవు. ఫోన్‌లో పది నిమిషాలకి టైమర్ పెడతాను. అది మోగగానే చేతిలో ఉన్న చొక్కా ముగించి లేచిపోతాను. మిగతావి అక్కడే ఉంటాయి. "ఇంకో నాలుగేగా, కానిచ్చెయ్యకూడదూ" అనేవారు మా ఆయన మొదట్లో. ఇప్పుడు టైమర్ చప్పుడు వినపడితే ఆయనే వచ్చి ఆ నాలుగూ మడతపెడుతున్నారు. ఈ జబ్బులో మనకి కావాల్సిన సాయం చాలావరకు ఇలాంటిదే. జాలిపడితే సరిపోదు.

ఇంట్లోవాళ్ళు నమ్మడానికి టైమ్ పడుతుంది, ఎందుకంటే రిపోర్టులన్నీ నార్మల్ అనే వస్తాయి. థైరాయిడ్ పరీక్ష, ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (వాపు) ఉందేమో చూసే ఈఎస్ఆర్, సీఆర్పీ రక్తపరీక్షల లాంటివి చేయించేది వేరే జబ్బులేమీ లేవని తేల్చుకోవడానికి. ఫైబ్రోమయాల్జియాని పట్టి చూపించే రక్తపరీక్ష లేదు. 1990 నాటి ప్రమాణాల ప్రకారం ఒంటి మీద 18 చోట్ల నొక్కి చూసి, కనీసం 11 చోట్ల నొప్పి ఉండాలనేవారు. 2010లో వచ్చిన ప్రమాణాల్లో ఆ నొక్కి చూడటం తీసేసి, నొప్పి ఎక్కడెక్కడ ఉంది, నిద్ర, అలసట, మతిమరుపు ఎలా ఉన్నాయి అని అడగడం మొదలుపెట్టారు. మెదడు, వెన్నుపాము నొప్పి సంకేతాలని పెంచి చూపించడం వల్ల, బట్టల కుట్టు ఒరుసుకున్నా మంటగా ఉంటుంది. "అంతా నీ మనసులోనే ఉంది" అని ఒక డాక్టర్ నాతో అన్న మాట ఇప్పటికీ బాధే. నొప్పి నిజంగా ఉంది, దానికి కారణమూ ఉంది.

మందుల సంగతికొస్తే, మామూలు పెయిన్ కిల్లర్లు దీనికి పెద్దగా పనిచేయవు. రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్, లేదా డులోక్సెటిన్, ప్రెగాబలిన్ రాస్తుంటారు. ఒకరికి సరిపడింది ఇంకొకరికి సరిపడకపోవచ్చు. ప్రెగాబలిన్‌తో నాకు కళ్ళు తిరిగేవి. డులోక్సెటిన్ అయినా, ప్రెగాబలిన్ అయినా మనంతట మనం సడన్‌గా ఆపకూడదు, డాక్టర్ చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

2016లో యూరప్ నిపుణులు సవరించిన సూచనల్లో గట్టిగా సిఫార్సు చేసింది ఒక్క వ్యాయామాన్నే. నొప్పితో మూలుగుతున్న మనిషికి ఆ మాట వింటే కోపం వస్తుంది, నాకూ వచ్చింది. కానీ నడక నిజంగా పనిచేస్తోంది, అదీ కొంచెం కొంచెంగా పెంచుకుంటేనే. ఒళ్ళు బాగున్నా నేను రోజూ నడిచే దూరమే నడుస్తాను, అంతకంటే ఒక్క అడుగు ఎక్కువ వేయను.

నిద్ర విషయంలో ఇంకా పట్టుదలగా ఉంటాను. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి గాఢనిద్ర పట్టకుండా చేస్తే ఒళ్ళునొప్పులు వచ్చాయని కెనడా పరిశోధకులు 1975లోనే చూపించారు. అందుకే రాత్రి ఫోన్ వేరే గదిలో పెడతాను, సెలవు రోజైనా లేచే టైమ్ మార్చను.

ఇంకో మాట. ఈ జబ్బు పేరు ఒకసారి పడ్డాక, ఒంట్లో ఏం జరిగినా దాని ఖాతాలోనే వేసేస్తుంటాం. ఫైబ్రోమయాల్జియా వల్ల కీళ్ళు వాచవు, జ్వరం రాదు. వాపు, జ్వరం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, చెయ్యో కాలో పట్టు తప్పడం కనిపిస్తే డాక్టర్‌కి విడిగా చెప్పి పరీక్ష చేయించుకోండి.