రైబవిరిన్ వేసుకున్న రోజులు

లివర్‌ని దెబ్బతీసే వైరస్ జబ్బు హెపటైటిస్ సికి నేను రెండుసార్లు వైద్యం చేయించుకున్నాను. మొదటిసారి వారానికొక ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రైబవిరిన్ మాత్రలు. మందు వాడినన్నాళ్ళూ వైరస్ కనిపించలేదు. ఆపిన కొన్నాళ్ళకి మళ్ళీ కనిపించింది. చాలా ఏళ్ళ తర్వాత రెండోసారి సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్ర ఇచ్చారు. నాది జీనోటైప్ 3, అంటే ఈ వైరస్ రకాల్లో మూడోది. అప్పటికే లివర్‌లో సిర్రోసిస్, అంటే మచ్చలు పడి గట్టిపడటం, మొదలైంది, పైగా ఒకసారి వైద్యం ఫలించలేదు. అందుకని డాక్టరుగారు ఆ మాత్రకి తోడు మళ్ళీ రైబవిరిన్ కూడా రాశారు. ఈసారి వైరస్ పోయింది.

ఇప్పటి మందులు చాలా తేలిక అని అందరూ అంటారు. నిజమే. 2013 చివర్లో సోఫోస్బువిర్ వచ్చాక ఈ జబ్బు వైద్యమే మారిపోయింది. ఇంజెక్షన్ లేకుండా, ఎక్కువమందికి 8 నుంచి 12 వారాల్లో, నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. చాలామంది రోజుకొక మాత్ర వేసుకుని తమ పనులు తాము చేసుకుంటూ కోర్సు పూర్తి చేసేస్తారు. కానీ ఈ మాట పదేపదే వినడం వల్లే కొందరు తమ బాధ చెప్పుకోడానికి మొహమాటపడుతున్నారు. తల పగిలిపోతున్నా, రాత్రంతా నిద్ర పట్టకపోయినా, "ఇంత మంచి మందు దొరికింది, దీనికి కూడా ఫిర్యాదు చేయాలా" అని ఊరుకుంటారు. అలా ఊరుకోవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఓర్చుకున్నంత మాత్రాన మందు ఎక్కువ పనిచేయదు. చెప్తే మాత్రం చాలావాటికి ఏదో ఒక ఉపాయం ఉంటుంది.

ముందు ఇంటర్‌ఫెరాన్ సంగతి. ఇప్పుడు దాదాపు ఎవరికీ ఇవ్వడం లేదు గానీ, అది చూసినవాళ్ళ భయం ఇంకా పోలేదు. ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా అప్పట్లో పడ్డ బాధ చూసి, ఇప్పటికీ వైద్యం వద్దంటున్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి తేడా తెలియాలి.

శుక్రవారం రాత్రి పొట్ట మీదో తొడ మీదో ఇంజెక్షన్ చేసుకునేదాన్ని. ప్రతిసారీ చోటు మార్చాలి, లేకపోతే అక్కడ చర్మం ఎర్రగా కంది గట్టిపడుతుంది. కొన్ని గంటలకి వణుకు మొదలయ్యేది. తర్వాత జ్వరం, ఎముకల్లోంచి వచ్చినట్టుండే నొప్పి. పడుకునే ముందు ఇంజెక్షన్ చేసుకుంటే అందులో సగం నిద్రలో గడిచిపోతుందని నర్సు చెప్పింది. ఆ ఒక్క సలహా నన్ను ఎంతో ఆదుకుంది. శనివారం మొత్తం మంచం మీదే. సోమవారం స్కూలు.

లెక్కలు చెప్పేదాన్ని నేను. అన్నేళ్ళుగా చెప్తున్న పాఠమే, కారణాంకాలు విడగొట్టడం. బోర్డు మీద సగం రాశాక తర్వాత ఏం రాయాలో తట్టేది కాదు. సుద్దముక్క చేతిలో పట్టుకుని నిలబడిపోయేదాన్ని. పిల్లలు చాలా మంచివాళ్ళు, ముందు బెంచీ అమ్మాయి మెల్లగా తర్వాతి మెట్టు అందించేది. మెదడు మసకబారినట్టుండే ఆ స్థితి మందు వల్లేనని, ఆపాక పోతుందని నాకు ముందే చెప్పి ఉంటే, నా బుర్ర శాశ్వతంగా పాడైపోయిందని ఏడ్చేదాన్ని కాదు.

జుట్టు రాలడం గురించి అందరూ అడుగుతారు. రాలింది, పల్చబడింది, మందు ఆపాక తిరిగొచ్చింది. నన్ను అంతకన్నా ఎక్కువ కుంగదీసింది మనసు.

నేను సాధారణంగా గొంతు పెంచే మనిషిని కాదు. అలాంటిది, చిన్న చిన్నవాటికి ఒళ్ళంతా మండిపోయేది. మా అబ్బాయి గిన్నె కొంచెం చప్పుడుగా పెట్టినా అరిచేదాన్ని. అరిచిన అయిదు నిమిషాలకి ఏడుపు. తర్వాత అరవడం కూడా పోయి, ఏమీ అక్కర్లేనట్టు గోడ వైపు తిరిగి పడుకునే రోజులు వచ్చాయి. మా ఆయన అది చూసి నన్ను అడక్కుండానే డాక్టరుగారికి ఫోన్ చేశారు. ఆయన మమ్మల్ని మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు.

ఆవిడ చెప్పిన విషయం నాకు ఇప్పటికీ ధైర్యమే. ఇంటర్‌ఫెరాన్ కొత్త పదార్థమేమీ కాదట. వైరస్ లోపలికి వచ్చినప్పుడు మన ఒంట్లో సహజంగా తయారయ్యేదే. ఫ్లూ జ్వరంలో ఒళ్ళు నొప్పులకీ, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాకపోవడానికీ కొంత కారణం అదే. దాన్నే నెలల తరబడి వారం వారం ఎక్కిస్తే మనసు కూడా నెలల తరబడి జ్వరం వచ్చినట్టే ఉంటుంది. మెదడులో మనసుని కుదురుగా ఉంచే సెరొటోనిన్ అనే రసాయనం తగ్గుతుంది. "మీ స్వభావం మారలేదమ్మా, మీ రక్తంలో మందు ఉంది" అన్నారు. డిప్రెషన్‌కి వాడే ఎస్సిటలోప్రామ్ రాశారు. కొన్ని వారాలకి తేరుకున్నాను. కోర్సు మధ్యలో ఆపకుండా పూర్తి చేయగలిగానంటే దాని వల్లే.

అందుకే వైద్యం మొదలుపెట్టే ముందు ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి చెప్పమంటాను. కోపం రావచ్చు, ఏడుపు రావచ్చు, అది మీ మీద కాదు అని. వాళ్ళకి ఇంకో మాట కూడా చెప్పాలి: నేను నాలో మార్పు గమనించలేకపోతే మీరే డాక్టరుకి చెప్పండి అని. కుంగిపోయిన మనిషి తనంతట తాను ఫోన్ తీసి సాయం అడగడం చాలా కష్టం. చచ్చిపోవాలనిపించే ఆలోచనలు వస్తే మాత్రం తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆ రోజే చెప్పాలి. ఇప్పటి మాత్రలతో ఇలాంటివి ఇంటర్‌ఫెరాన్‌తో పోలిస్తే బాగా తక్కువ. అయినా రైబవిరిన్ కలిపితే చిరాకు, నిద్రలేమి వచ్చే అవకాశం ఉంది. ఇదివరకు డిప్రెషన్ ఉన్నవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పడం మంచిది.

ఇక రెండోసారి. సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ మాత్ర వల్ల నాకు వచ్చింది తలనొప్పి, నీరసం, కాస్త వికారం. మొదటి రెండు మూడు వారాలు బాగా ఉండి తర్వాత తగ్గాయి. నీళ్ళు ఎక్కువ తాగితే తలనొప్పి కొంత నయం. తట్టుకోలేనప్పుడు పారాసెటమాల్ వేసుకున్నాను. సిర్రోసిస్ ఉన్నవాళ్ళు రోజుకి 2 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు నాలుగు దాటకూడదని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. లివర్ జబ్బు కదా అని పారాసెటమాల్ అంటేనే భయపడి, దానికి బదులు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వేసుకునేవాళ్ళున్నారు. సిర్రోసిస్ ఉన్నవాళ్ళకి అవే ఎక్కువ ప్రమాదం. కిడ్నీలు దెబ్బతినొచ్చు, కడుపులో రక్తస్రావం కావచ్చు.

వికారానికి మందు రాసే ముందు డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న, గ్యాస్ మాత్రలు ఏమైనా వాడుతున్నారా అని. వాడుతున్నాను, ఏళ్ళుగా. దాన్ని ఎవరైనా మందుగా లెక్కపెడతారా? కానీ వెల్పటాస్విర్ ఒంటికి పట్టాలంటే కడుపులో ఆమ్లం ఉండాలి. ఆమ్లాన్ని తగ్గించే ఒమెప్రజోల్ లాంటి మాత్రలు దాన్ని సరిగా పట్టనివ్వవు. మామూలు యాంటాసిడ్ అయినా నాలుగు గంటల ఎడం ఉండాలి. నాకు ఆ మాత్ర పూర్తిగా ఆపించారు. గుండెకి అమియోడరోన్ వాడేవాళ్ళకి సోఫోస్బువిర్ ఇస్తే గుండె వేగం ప్రమాదకరంగా పడిపోవచ్చు. మూర్ఛకి వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్, టీబీకి వాడే రిఫాంపిసిన్ ఈ మందు పనిని దెబ్బతీస్తాయి. కాబట్టి మొదటిరోజే ఇంట్లో ఉన్న మందులన్నీ, మూలికల పొడులతో సహా, ఒక సంచిలో వేసి తీసుకెళ్ళి చూపించండి. ఇదివరకు హెపటైటిస్ బి సోకిందేమో కూడా పరీక్ష చేయించాలి. సి వైరస్ తగ్గేటప్పుడు బి మళ్ళీ విజృంభించే ప్రమాదం ఉంది.

ఈసారి అసలు కష్టం రైబవిరిన్‌తోనే. అది ఎర్ర రక్తకణాల్లో చేరి పేరుకుంటుంది, వాటిని ముందుగానే చిట్లిపోయేలా చేస్తుంది. మొదటి నెలలోనే హిమోగ్లోబిన్ జారిపోతుంది. మా స్టాఫ్ రూమ్ పై అంతస్తులో. ముందు మెట్ల మలుపు దగ్గర ఆగేదాన్ని, తర్వాత మలుపుకి ముందే రెయిలింగ్ పట్టుకోవాల్సి వచ్చేది. గుండె చెవుల్లో కొట్టుకునేది. రక్తపరీక్ష చేయిస్తే 12.8 ఉన్నది 9.6కి వచ్చింది.

ఆయాసం సంగతి తెలిసిన ప్రతివాళ్ళూ ఐరన్ మాత్రలు వేసుకోమన్నారు. ప్రేమతోనే చెప్పారు. కానీ ఇది ఐరన్ లేక వచ్చిన రక్తహీనత కాదు. ఉన్న కణాలు చిట్లిపోవడం వల్ల వచ్చింది. ఐరన్ వేసుకుంటే ఉపయోగం లేకపోగా, అప్పటికే జబ్బుపడ్డ లివర్ మీద భారం. దీనికి చేయాల్సింది రైబవిరిన్ డోసు తగ్గించడం. డాక్టరుగారు అదే చేశారు. రెండు మూడు వారాల్లో మెట్లెక్కగలిగాను. డోసు తగ్గిస్తే వైరస్ పోదేమోనని నాకు చాలా టెన్షన్. ఇంటర్‌ఫెరాన్ రోజుల్లో ఆ భయానికి అర్థం ఉండేదని, ఇప్పుడు వైరస్‌ని ప్రధానంగా అణిచేది ఆ కొత్త మాత్రేనని ఆయన విడమర్చి చెప్పారు. అయితే డోసు మనంతట మనం తగ్గించుకోకూడదు. గుండెజబ్బు ఉన్నవాళ్ళకి హిమోగ్లోబిన్ పడిపోవడం ఇంకా ప్రమాదం. ఛాతీలో నొప్పి వస్తే పరీక్ష తేదీ దాకా ఆగొద్దు.

ఇంకో భయం కూడా చెప్పాలి. ఒకరోజు అద్దంలో కళ్ళు కొంచెం పచ్చగా కనిపించాయి. లివర్ పూర్తిగా చెడిపోయిందనుకున్నాను. ఆ పూటే పరీక్షకి వెళ్ళాం. కళ్ళని పచ్చబరిచే బిలిరుబిన్ అనే పదార్థం పెరిగింది, కానీ అది చిట్లిన రక్తకణాల్లోంచి వచ్చినది. లివర్ దెబ్బతింటే రక్తంలో పెరిగే లివర్ ఎంజైములు మాత్రం ఎన్నో ఏళ్ళలో మొదటిసారి మామూలు స్థాయికి వచ్చాయి! అంటే నేను భయపడుతున్న సమయానికే లోపల లివర్ కుదుటపడుతోంది. అలాగని కళ్ళు పచ్చబడితే రైబవిరినే అని ఎవరూ తేల్చుకోవద్దు. పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

దురద, పొడి దగ్గు కూడా దీని వరాలే అనేవాళ్ళు వార్డులో నాతోటి రోగులు. చర్మం పొడిబారి రాత్రిళ్ళు దురద పెట్టేది. వేడినీళ్ళు మానేసి గోరువెచ్చని నీళ్ళతో స్నానం చేసి, ఒళ్ళు పూర్తిగా ఆరకముందే వాసన లేని మాయిశ్చరైజర్ రాసుకుంటే చాలావరకు తగ్గింది. సాయంత్రం వేసుకోవాల్సిన రైబవిరిన్‌ని డాక్టరుగారిని అడిగి కొంచెం ముందుకి జరుపుకున్నాను. నిద్ర కొంత మెరుగైంది. ఎప్పుడు వేసుకున్నా ఏదైనా తిన్నాకే వేసుకోవాలి.

నీరసానికి నాకు దొరికిన దారి ఒక్కటే. ఏ సమయంలో కాస్త ఓపిక ఉంటుందో రాసి పెట్టుకోవడం. నాకు పొద్దున పది నుంచి మధ్యాహ్నం దాకా బావుండేది. కష్టమైన క్లాసులు అప్పుడే పెట్టమని హెడ్‌మిస్ట్రెస్‌ని అడిగితే మార్చారు. సాయంత్రం కాసేపు మెల్లగా నడిచేదాన్ని. నడవబుద్ధి కాని రోజుల్లో నడిస్తేనే ఆ రాత్రి నిద్ర పట్టేది. ఇంటికొచ్చాక వంట, బట్టలు మా ఆయన, మా అబ్బాయి పంచుకున్నారు. ఇది సాయం చేయడం అనుకోలేదు వాళ్ళు. మాత్రలు వేయడం ఎంతో ఇదీ అంతే అన్నాడు మావాడు.

రైబవిరిన్ వాడే పెళ్ళైనవాళ్ళందరికీ ఒక హెచ్చరిక. గర్భంలో బిడ్డకి ఇది చాలా హాని చేస్తుంది. ఆడవాళ్ళకే కాదు, మందు వాడేది భర్త అయినా సరే భార్యకి గర్భం రాకూడదు. కోర్సు అయిపోయాక కూడా, మందు వాడింది ఆడవాళ్ళయితే కనీసం తొమ్మిది నెలలు, మగవాళ్ళయితే కనీసం ఆరు నెలలు జాగ్రత్త పడాలి. ఈ విషయం అడగడానికి సిగ్గుపడి, డాక్టరు చెప్పలేదు కాబట్టి ఫర్వాలేదేమో అనుకునే కొత్త దంపతులు ఉంటారు. దయచేసి అడగండి.

ఆఖరి మాత్ర వేసుకున్న మర్నాడే హాయిగా ఉంటుందని ఆశపడ్డాను. హిమోగ్లోబిన్ నెలలోపే పెరగడం మొదలైంది గానీ, పూర్తిగా ఓపిక రావడానికి నెలలు పట్టింది. మందు ఆపిన 12 వారాలకి, రక్తంలో వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ లేకపోతే నయమైనట్టే లెక్క. నాకు లేదు. ఆ కాగితం చూసి మా ఆయన ఏమీ మాట్లాడకుండా నా భుజం మీద చెయ్యి వేశారు.

ఆ రిపోర్టు కాపీలు తీయించి దాచుకోండి. వైరస్ మీద పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకున్న వాటిని చూసే యాంటీబాడీ పరీక్ష, నయమైనా జీవితాంతం పాజిటివ్ రావచ్చు. తర్వాతెప్పుడైనా ఆపరేషన్‌కో ఇన్సూరెన్స్‌కో పరీక్ష చేసి మీకు హెపటైటిస్ సి ఉందంటే, చూపించాల్సింది ఆర్‌ఎన్‌ఏ రిపోర్టే. మళ్ళీ సోకకుండా రక్షణ మాత్రం ఉండదు, దీనికి టీకా కూడా లేదు. కాబట్టి సూదులు, బ్లేళ్ళ విషయంలో జాగ్రత్త ఎప్పటికీ అవసరం. నాలా సిర్రోసిస్ దాకా వచ్చినవాళ్ళకి వైరస్ పోయినా లివర్ క్యాన్సర్ ముప్పు పూర్తిగా పోదు. అందుకని ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ తీయించుకుంటున్నాను. మీ డాక్టరు ఆ మాట ఎత్తకపోతే మీరే అడిగి రాయించుకోండి.