రెండు టూల్స్, ఒకటే వివరణ

కస్టమర్లకు జవాబిచ్చే మా AI ఏజెంట్‌కు ఒక్కో పనికి ఒక్కో టూల్, అంటే అది పిలిచి వాడుకునే చిన్న ప్రోగ్రామ్, ఇచ్చాం. మూడోసారి కూడా అది తప్పు టూల్‌నే పిలిచింది. కస్టమర్ అడిగింది ‘నా ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది’ అని. అది వెళ్లి పాత ఆర్డర్ల జాబితా మొత్తం తెచ్చి పెట్టింది.

పొద్దుటి నుంచి నా అనుమానమంతా ఏజెంట్‌ను నడిపే AI మోడల్ మీదే. మధ్యాహ్నం లాగ్ (జరిగిందంతా నమోదయ్యే రికార్డు) తెరిచి, అసలు మోడల్‌కు ఏం కనిపిస్తోందో చదివాను. ఒక టూల్ వివరణ: ‘ఆర్డర్ వివరాలు ఇస్తుంది’. ఇంకోదానిది: ‘ఆర్డర్ల సమాచారం ఇస్తుంది’. రెండూ నేను రాసినవే.

టూల్ లోపలి కోడ్ మోడల్‌కు కనిపించదు కదా. పేరు, వివరణ, ఏ ఇన్‌పుట్ ఇవ్వాలో చెప్పే స్కీమా, అంతే.

కూర్చుని తిరగరాశాను. ‘ఒక ఆర్డర్ ఇప్పుడు ఎక్కడుందో చెబుతుంది. ఆర్డర్ నంబర్ తప్పనిసరి. నంబర్ తెలియకపోతే ముందు జాబితా టూల్ వాడాలి. పాత కొనుగోళ్ల కోసం దీన్ని వాడకూడదు.’

ఇన్‌పుట్‌గా ఇచ్చే తేదీ దగ్గర ఇంకాసేపు ఆగాను. 03/04 అంటే మనకు ఏప్రిల్ 3, అమెరికాలో మార్చి 4. అందుకే 2025-04-03 లాగా సంవత్సరం ముందు రావాలని ఉదాహరణతో సహా రాశాను.

కోడ్‌లో ఒక్క లైన్ ముట్టుకోలేదు. సాయంత్రం అదే ప్రశ్న పదిసార్లు వేస్తే పదిసార్లూ సరైన టూల్‌కే వెళ్లింది. ఎంత హాయిగా అనిపించిందో!

టీమ్‌లో కొత్తగా ఎవరైనా చేరితే పక్కన కూర్చోబెట్టుకుని అన్నీ ఓపికగా చెబుతాను. ఈ ఏజెంట్‌కు మాత్రం మూడు మాటలతో ఎందుకు సరిపెట్టాను?

ఇంకా పద్నాలుగు టూల్స్ ఉన్నాయి. రేపు పొద్దున్నే రిఫండ్ టూల్‌తో మొదలుపెడతా.