ఓజును మళ్లీ చూసిన రాత్రి

జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’ సినిమాను నిన్న రాత్రి రెండోసారి చూశాను. పిల్లలను చూడాలని ఒనోమిచి నుంచి అంత దూరం వచ్చిన ముసలి దంపతులను, కన్నబిడ్డల కంటే యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న కోడలే ఎక్కువగా ఆదరించే ఆ కథ పదేళ్ల కిందట నాకు మరీ నెమ్మదిగా అనిపించింది. మా అమ్మ పోయిన తరువాత ఇప్పుడు చూస్తే, అందులో ఒక్క దృశ్యాన్ని కూడా తగ్గించాలనిపించలేదు.

1903 డిసెంబరు 12న టోక్యోలో పుట్టిన ఓజు 1923లో షోచికు సినిమా సంస్థలో కెమెరా సహాయకుడిగా చేరి, 1927లో దర్శకుడయ్యారు. చాప మీద కూర్చున్న మనిషి కళ్ల కంటే కిందగా కెమెరాను నిలిపి, దాన్ని దాదాపు కదపకుండా, ఇంటిల్లిపాది మాటలను, మాటల మధ్య మౌనాన్ని చూపించారు. కూతుళ్ల పెళ్లిళ్ల గురించి అన్ని చిత్రాలు తీసినా, తాను మాత్రం పెళ్లి చేసుకోకుండా తల్లితోనే ఉండిపోయారు. 1962లో ఆమె మరణించారు. ఈ సంగతి తెలిశాక ఆ చివరి దృశ్యాల్లోని ఖాళీ గదులను మునుపటిలా చూడలేకపోయాను.

తల్లి పోయిన మరుసటి ఏడాది, మన ఇళ్లలో షష్టిపూర్తి జరుపుకునే వయసులో, సరిగ్గా తన అరవయ్యవ పుట్టినరోజునాడే ఆయన క్యాన్సర్‌తో కన్నుమూశారు. కామకురాలోని ఎంగాకుజి ఆలయంలో ఉన్న ఆయన సమాధిరాయి మీద చెక్కినది ఒకే ఒక అక్షరం: ‘ము’, అంటే శూన్యం.