రెండో బాణం

పాళీ భాషలోని బౌద్ధ గ్రంథమైన సంయుత్త నికాయంలో, సల్ల సుత్తం అనే ప్రవచనంలో బుద్ధుడు చెప్పిన ఉపమానం ఒక్కటి అర్థమైతే బౌద్ధ మనస్తత్వశాస్త్రం సగం అర్థమైనట్టేనని నా నమ్మకం. బాణం తగిలినవాడికి నొప్పి పుడుతుంది. శిక్షణ లేని మనసు అంతటితో ఆగక, ఏడ్చి, వాపోయి, గుండెలు బాదుకుని రెండో బాణం కూడా తగిలించుకుంటుంది. శిక్షణ పొందిన మనసుకు మొదటి బాణపు నొప్పి తప్పదు గానీ, రెండోది ఉండదు. ఒకదాని వల్ల మరొకటి పుడుతుందని చెప్పే బౌద్ధ సిద్ధాంతం ప్రతీత్యసముత్పాదంలో వేదన (సుఖంగానో దుఃఖంగానో కలిగే అనుభూతి) వెనకే తృష్ణ (అది కావాలి, ఇది వద్దు అన్న ఆరాటం) పుడుతుందని చెప్పినది ఈ సంగతే.

ధ్యాన గురువు గోయెంకా పద్ధతిలో, శరీరంలో కలిగే అనుభూతులను గమనించడం నేర్పే విపశ్యన శిబిరాల్లో గంటసేపు కాళ్లూ చేతులూ కదపకుండా కూర్చునే అధిష్ఠానం ఉంటుంది. కాసేపటికి మోకాలు భగ్గుమంటుంది. కదలకుండా దాన్నే గమనిస్తూ ఉంటే ఒకే ముద్దగా అనిపించిన నొప్పి వేడిగా, బిగువుగా, పోటుగా విడివిడిగా తెలుస్తుంది, ‘ఇంకా ఎంతసేపు?’ అన్న ఆరాటం మోకాలిలో లేదన్న సంగతీ అప్పుడే బోధపడుతుంది.

1979లో జాన్ కబాట్-జిన్ అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో, దీర్ఘకాలిక నొప్పులతో బాధపడేవారికి ఈ గమనింపునే కొన్ని వారాల శిక్షణగా నేర్పడం మొదలుపెట్టారు. ఆ బాటలోనే టీస్‌డేల్, సీగల్, విలియమ్స్ అనే మనస్తత్వవేత్తలు డిప్రెషన్ తిరగబెట్టకుండా ఒక చికిత్స రూపొందించారు. కోలుకున్న మనిషికి ఏ చిన్న దిగులు కలిగినా ‘నేను పనికిరాను’ అన్న పాత ఆలోచనలన్నీ దానితోపాటే లేస్తాయని, వాటిని నిజాలుగా కాక వచ్చిపోయే ఆలోచనలుగా చూడడం నేర్పాలని వారి వాదన. 2000లో వెలువడిన వారి పరిశోధనలో, అంతకుముందు మూడు లేదా అంతకన్నా ఎక్కువసార్లు డిప్రెషన్ వచ్చినవారిలో వ్యాధి తిరగబెట్టడం 66 శాతం నుంచి 37 శాతానికి తగ్గింది. రెండుసార్లే వచ్చినవారికి మాత్రం ప్రయోజనం కనిపించలేదు. దీన్ని లోపంగా కాక, రెండో బాణం అలవాటుగా బలపడినచోటే ఈ మందు పనిచేస్తుందనడానికి సూచనగా నేను చూస్తాను.

అయితే బుద్ధుడు చెప్పిన అష్టాంగ మార్గంలో సమ్యక్ స్మృతి (ఈ గమనింపే) పక్కనే సమ్యక్ వాక్కు (సరైన మాట), సమ్యక్ ఆజీవం (సరైన జీవనోపాధి) ఉన్నాయి. ఉద్యోగుల చేత మరింత పని చేయించుకోవడానికి కంపెనీలు ధ్యానం నేర్పించేటప్పుడు ఆ రెండూ కనిపించకపోవడం నన్ను నిజంగా బాధిస్తుంది.

మరో మాట కూడా చెప్పాలి. డిప్రెషన్ మీద జరిగిన ఆ పరిశోధనలో చేరినవారంతా అప్పటికే కోలుకుని ఉన్నవారు. కాబట్టి తీవ్రమైన డిప్రెషన్‌లో ఉన్న మనిషి చేత మందులు మాన్పించి, ధ్యాన శిబిరానికి పంపడానికి ఆ ఫలితాలను ఆధారంగా చూపకూడదు.