గోదారి తెచ్చిన ఉప్పు

నిన్న అంతర్వేదిలో, గోదారి సముద్రంలో కలిసే అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర అల ఒకటి మా మేనకోడలి మొహాన కొట్టింది. "ఛీ, ఉప్పు! గోదారి మంచినీళ్లే కదా మావయ్యా, మరి ఇదెక్కడిది?"

"అదీ గోదారి లాంటి నదులు తెచ్చిందేనే" అంటే నమ్మదే! వాననీళ్లు రాళ్లని కొద్దికొద్దిగా కరిగించి, నాలుకకి తెలియనంత ఉప్పు నదుల్లోకి చేరుస్తాయి. సముద్రంలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం ఉండిపోతుంది. కోట్ల ఏళ్లుగా ఇదే తంతు. (సముద్రం అడుగున వేడి ఊటల వాటా కూడా ఉందిలెండి.) ఇప్పుడు లీటరుకి సుమారు 35 గ్రాములు. ఇన్ని నదులు కలుస్తాయి కాబట్టి మన బంగాళాఖాతంలో కాస్త తక్కువే.

ఇంటికొచ్చేసరికి దాని గౌను ఎండి అంచున తెల్లటి చారలు కట్టింది. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.

"గోదారి పుట్టిన త్ర్యంబకం నుంచి వచ్చిందా ఇది?"